మైగ్రేన్ కౌమారంలోనే ఎందుకు తలెత్తుతుంది?

మైగ్రేన్ వయసు మీరాక వచ్చే జబ్బు కాదు. నలభై ఏళ్ల మనిషిని ఈ నొప్పి మొదట ఎప్పుడు వచ్చిందని అడిగితే, జవాబు చాలాసార్లు హైస్కూలు రోజుల్లో తేలుతుంది. ఎనిమిదో తరగతిలోనో, పదో తరగతి పరీక్షల ముందో, ఇంటర్‌లో హాస్టల్‌కు వెళ్లిన కొత్తలోనో మొదలై ఉంటుంది. పసితనంలో కొద్దిమందిలోనే కనిపించే జబ్బు పదికీ పదిహేడుకూ మధ్య అంతగా ఎందుకు పెరుగుతుంది? అప్పటిదాకా ఆడామగా తేడా పెద్దగా లేకుండా వచ్చేది, ఆ తర్వాత అమ్మాయిలనే ఎక్కువగా ఎందుకు పట్టుకుంటుంది? నరాల వైద్యంలో ఈ రెండు ప్రశ్నలూ అరవై ఏళ్లుగా నలుగుతున్నాయి. వంశం, హార్మోన్లు, ఎదుగుతున్న మెదడు, నిద్ర... వీటిలో ఒక్కోదానికీ కొంత సాక్ష్యం దొరికింది. ఏ ఒక్కటీ ఒంటరిగా దోషి కాదని కూడా తేలింది.

తెలుగులో దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు, ఒంటికణత నొప్పి అని కూడా అంటారు. ఆయుర్వేదం అర్ధావభేదకం అంది. గ్రీకు వైద్యుడు గాలెన్ వాడిన హెమిక్రేనియా అనే మాటకు అర్థం సగం పుర్రె. అదే నోళ్లలో నలిగి మైగ్రేన్ అయింది. పేర్లన్నీ సగం తల చుట్టూనే తిరుగుతాయి. చిక్కేమిటంటే, పిల్లల్లో ఈ నొప్పి తరచుగా సగం తలకు రాదు. నుదురంతా, రెండు కణతలూ కలిపి వస్తుంది. ఒకే పక్కన రావడమన్నది కౌమారం చివరికో, ఆ తర్వాతో స్థిరపడుతుంది. పెద్దల్లో మందు వేసుకోకపోతే పోటు 4 నుంచి 72 గంటలు ఉండాలని అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ చెబుతుంది. 18 ఏళ్ల లోపు వారికి 2 గంటలున్నా లెక్కలోకి తీసుకోవచ్చని ప్రత్యేకంగా సడలింపు ఇచ్చింది. అలాంటి పోట్లు కనీసం ఐదు రావాలి. నొప్పితో పాటు వికారమో వాంతో ఉండాలి, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ పడకుండా పోవాలి. పేరును బట్టి జబ్బును వెతికితే పిల్లల్లో చాలా కేసులు చేజారతాయి.

పద్నాలుగేళ్ల అమ్మాయికి ఒక పోటు ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం నుంచే ఊరికే ఆవులింతలు, మెడ పట్టేసినట్టు ఉండటం, కారణం లేని చిరాకు, తీపి తినాలనిపించడం. మర్నాడు రెండో పీరియడ్‌లో బోర్డు మీది అక్షరాల పక్కన ఒక వెలుగు చుక్క మొదలవుతుంది. అది రంపపు పళ్ల గీతలా వంపు తిరిగి, మిలమిల మెరుస్తూ చూపు అంచువైపు పాకుతుంది. ఇరవై నిమిషాల్లో అది మాయమై నొప్పి మొదలవుతుంది. గుండె కొట్టుకున్నట్టు తల కొట్టుకుంటుంది. ఇంటికి వచ్చాక తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది. ట్యూబ్‌లైటు ఆర్పేయమంటుంది. వంటింట్లో గిన్నె పడితే తలలో మేకు దిగినట్టు ఉలిక్కిపడుతుంది. ఒక వాంతి అయ్యాక, తలకు తువ్వాలు బిగించి పడుకుంటుంది. మూడు గంటల నిద్రతో సగం తేరుకుని, సాయంత్రానికి టీవీ ముందు కూర్చుంటుంది. పొద్దున బడి ఎగ్గొట్టడానికి నటించిందేమో అన్న అనుమానం ఇంట్లోవాళ్లకు పుట్టేది సరిగ్గా అక్కడే. నిజానికి త్వరగా తగ్గడం ఈ వయసు మైగ్రేన్ లక్షణమే. వెలుగు గీతలు అందరికీ కనిపించవు. దాన్ని ఆరా అంటారు, మైగ్రేన్ ఉన్నవారిలో కొద్దిమందికే అది వస్తుంది.

నటన అనుకోని ఇళ్లలో రెండు వేరే నిందితులు ఉంటారు, కళ్లు, సైనస్. ఈ పిల్లల్లో చాలామంది మొదట కళ్లజోడు షాపుకు వెళ్తారు. ఆ తర్వాత ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి. సైనస్ అనుమానానికి కారణం లేకపోలేదు. మైగ్రేన్ ఉన్న పిల్లల్లో ఎంతోమందికి పోటు సమయంలో కన్ను నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరమే రేపే ప్రతిచర్య అది, జలుబు కాదు. ఇక తెలుగిళ్లలో తలనొప్పికి మొదటి మందు ఎలాగూ బామే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, లేకపోతే శొంఠి పట్టు. చల్లదనమో, ఘాటో కాసేపు ఊరటనిస్తాయి. అసలు నొప్పి పుట్టే చోటికి మాత్రం అవి చేరవు.

పిల్లల మైగ్రేన్‌పై పెద్ద ఎత్తున జరిగిన తొలి పరిశోధనల్లో పేరున్నది స్వీడన్‌ది. ఉప్సల నగరంలో బో బిల్లే అనే పిల్లల డాక్టరు 1955లో 7 నుంచి 15 ఏళ్ల బడిపిల్లలందరినీ లెక్కలోకి తీసుకున్నాడు. దాదాపు 9 వేల మంది. ఫలితాలు 1962లో అచ్చయ్యాయి. ఏడేళ్ల పిల్లల్లో నూటికి ఒకరో ఇద్దరో ఉన్న మైగ్రేన్, పదిహేనేళ్లు వచ్చేసరికి నూటికి ఐదుగురికి చేరింది. అంతటితో ఆపి ఉంటే అది మరో సర్వే అయ్యేది. బిల్లే వారిలో జబ్బు తీవ్రంగా ఉన్న 73 మందిని ఎంచుకుని, వాళ్లు పెరిగి, పెళ్లిళ్లయి, పిల్లల్ని కని, యాభై దగ్గరపడేదాకా 40 ఏళ్లు వెంబడించాడు. ఒక డాక్టరు తన ఉద్యోగ జీవితమంతా ఒకే ప్రశ్నకు కేటాయించడం ఏ దేశంలోనైనా అరుదే. యుక్తవయసులో వారిలో సగానికి మించి కనీసం రెండేళ్లపాటు నొప్పి లేకుండా గడిపారు. పోయిందనుకున్నవారిలో కొందరికి కొన్నేళ్ల తర్వాత తిరిగి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత అడిగితే, ఇంకా మైగ్రేన్ ఉందని చెప్పినవారు సగానికి కొంచెం ఎక్కువే. పెద్దయితే అదే పోతుంది అన్న మాట సగం నిజం అని చెప్పేందుకు ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

ఆ తర్వాతి లెక్కలు వయసునూ లింగాన్నీ విడదీసి చూపించాయి. అమెరికాలో 1991లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఆరాతో కూడిన మైగ్రేన్ కొత్తగా మొదలయ్యే వయసు అబ్బాయిల్లో ఐదేళ్ల ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది, అమ్మాయిల్లో 12, 13 ఏళ్లకు. ఆరా లేని రకం అబ్బాయిల్లో 10, 11 ఏళ్లకు, అమ్మాయిల్లో 14 నుంచి 17 ఏళ్లకు. మగపిల్లలు ముందు మొదలుపెడతారు. ఆడపిల్లలు ఆలస్యంగా వచ్చి దాటిపోతారు. ప్రపంచవ్యాప్తంగా 50 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన సమీక్షలో పిల్లల్లో, కౌమారుల్లో మైగ్రేన్ 7.7 శాతం అని తేలింది. అమ్మాయిల్లో 9.7, అబ్బాయిల్లో 6. పెద్దయ్యాక ఈ తేడా ఇంకా పెరిగి ముగ్గురు ఆడవాళ్లకు ఒక మగాడు అన్న లెక్కకు వస్తుంది. మనకు పొరుగున కర్ణాటకలో, బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 18 నుంచి 65 ఏళ్ల వారిపై జరిగిన సర్వేలో ఏడాదిలో మైగ్రేన్ వచ్చినవారు 25.2 శాతం. నలుగురిలో ఒకరికి ఉన్న ఈ జబ్బు ఎక్కడో ఒకచోట మొదలై ఉండాలి కదా.

ఎందుకు మొదలవుతుందో తెలియాలంటే, పోటు సమయంలో లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. చాలాకాలం డాక్టర్లు రక్తనాళాలనే నిందించారు. 1938లో అమెరికాలో జాన్ గ్రాహం, హెరాల్డ్ వుల్ఫ్ రోగులకు ఎర్గొటమిన్ ఇచ్చి, కణత దగ్గరి ధమని కొట్టుకోవడం తగ్గేకొద్దీ నొప్పి తగ్గడం చూపించారు. నాళాలు ఉబ్బడమే నొప్పి అన్న సిద్ధాంతం దానితో స్థిరపడిపోయింది. కథను మలుపు తిప్పినవాళ్లు ఇద్దరు, ఒకరి పనికీ ఇంకొకరి పనికీ సంబంధం లేదు. కార్ల్ లాష్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆరా వచ్చేది. వచ్చినప్పుడల్లా కాగితం తీసుకుని ఆ వెలుగు గీత ఏ నిమిషానికి ఎక్కడిదాకా పాకిందో గీసుకునేవాడు. దృష్టిని చూసుకునే మెదడు భాగంలో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల వేగంతో కదులుతోందని 1941లో లెక్కగట్టాడు. మూడేళ్లకు హార్వర్డ్‌లో మూర్ఛ మీద పనిచేస్తున్న బ్రెజిల్ యువకుడు అరిస్టిడిస్ లియావో కుందేళ్ల మెదడును గిల్లినట్టు ప్రేరేపిస్తే, విద్యుత్ చర్య అణగారిపోయే ఒక అల నెమ్మదిగా పాకడం కనిపించింది. దాని వేగం కూడా దాదాపు అంతే. కుందేలు మెదడులో చూసిన అలా, మనిషి కాగితం మీద గీసుకున్న గీతా ఒకటేనని పోల్చుకోవడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

మెదడు పొరల్లోని నాళాల చుట్టూ అల్లుకున్న ట్రైజెమినల్ నరం కొసలు ఈ కథలో తర్వాతి పాత్ర. ముఖానికి స్పర్శనిచ్చే నరం ఇదే. దాని కొసలు రేగినప్పుడు సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి. 1990 ప్రాంతంలో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ పోటు సమయంలో మెడ దగ్గరి సిరలో ఈ పదార్థం పెరిగిందని చూపారు. 2002లో డెన్మార్క్ పరిశోధకులు, మైగ్రేన్ ఉన్నవారి రక్తంలోకి దాన్ని ఎక్కిస్తే చాలామందికి పోటు వచ్చింది. నిప్పు ఎక్కడ రాజుకుంటుందో అలా తెలిసింది. ఈ పరంపరలో పనిచేసిన ఆ ఇద్దరితో పాటు మైకేల్ మాస్కొవిట్జ్, యెస్ ఓలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. ఇదంతా ప్రధానంగా పెద్దల మీద జరిగిన పరిశోధన. పదమూడేళ్లకే ఎందుకు అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

మొదటి అనుమానం వంశం మీద, ఆ అనుమానం నిజమే. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం రెట్టింపు కంటే తక్కువేమీ కాదు. కవలల మీద చేసిన లెక్కల్లో ఈ జబ్బు వచ్చే అవకాశంలో నలభై శాతం చిల్లర వారసత్వపు వాటాగా తేలింది. ఒంటిలో ఒక పక్క చచ్చుబడిపోయే అరుదైన కుటుంబ మైగ్రేన్‌కు మాత్రం ఒకే జన్యువు చాలు. 1996లో మొదటిది దొరికింది, 2003లో రెండోది, 2005లో మూడోది. మూడూ నాడీకణాల్లోకి లవణాలు వచ్చిపోయే దారులను నడిపేవే. మెదడు కణం ఎంత తేలిగ్గా రేగుతుందో నిర్ణయించేవి ఆ దారులే. మామూలు మైగ్రేన్ కథ ఇంత సులువు కాదు. 2022లో లక్ష మందికి పైగా మైగ్రేన్ రోగుల జన్యువులను, ఏడున్నర లక్షల మందికి పైగా ఇతరుల జన్యువులతో పోల్చి చూస్తే 123 చోట్ల తేడాలు కనిపించాయి. ఒక్కోటీ అణా పైసలంత ప్రభావం. అన్నీ కలిస్తేనే రూపాయి. ఆ లక్షల మందీ ఐరోపా సంతతివారే. మన పిల్లలకు ఆ లెక్క ఎంతవరకు అతుకుతుందో చెప్పాలంటే మనవాళ్ల జన్యువులను కూడా అంతే సంఖ్యలో చూడాలి.

వారసత్వం బారసాల నాటి నుంచే తన గుర్తులు చూపిస్తుందని ఒక వాదన. ఇటలీ, ఫ్రాన్స్ ఆస్పత్రుల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం 6 నుంచి 18 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులను వెనక్కి తీసుకెళ్లింది. నెలల బిడ్డగా ఉన్నప్పుడు సాయంత్రమైతే గుక్కపట్టి, ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడ్చేవారా అని అడిగింది. మైగ్రేన్ ఉన్న పిల్లల్లో 72.6 శాతం మందికి అలాంటి చరిత్ర ఉంది, లేనివారిలో 26.5 శాతానికే. తల్లిదండ్రుల జ్ఞాపకం మీద నిలబడ్డ లెక్క కాబట్టి కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. అయినా కొందరు పిల్లల్లో ఏడెనిమిదేళ్లకు బొడ్డు చుట్టూ నొప్పి, పదే పదే వాంతులు, ఉన్నట్టుండి కళ్లు తిరగడం వచ్చి, అవి తగ్గాక మైగ్రేన్ మొదలవడం డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే. కడుపునొప్పి తలకెక్కినట్టు కనిపించే ఈ వరసను చూస్తే, జబ్బు కౌమారంలో పుట్టడం లేదనీ, అంతకుముందే వేరే వేషంలో ఉందనీ అనిపిస్తుంది.

మరి ఆ వేషం మార్చేదెవరు? ఇక్కడ అందరి చూపూ హార్మోన్ల మీదే. 1972లో ఆస్ట్రేలియా డాక్టరు బ్రయన్ సోమర్విల్ చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠంగా చెప్పుకోదగ్గది. నెలసరి వేళకు తప్పకుండా మైగ్రేన్ వచ్చే కొందరు స్త్రీలకు ఆయన నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ ఇచ్చాడు. నెలసరి వేళకే వచ్చింది, తలనొప్పి మాత్రం వెనక్కి జరిగింది. ఇంకో సందర్భంలో ప్రొజెస్టెరోన్ ఇచ్చాడు. నెలసరి వెనక్కి జరిగింది, తలనొప్పి మాత్రం తన వేళకు తాను వచ్చేసింది. అంటే నొప్పిని రప్పిస్తున్నది రక్తస్రావం కాదు, హార్మోన్ ఎక్కువ కావడమూ కాదు. పెరిగిన ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోవడం.

రజస్వల అయిన మొదటి ఒకటి రెండేళ్లలో ఈ ఎత్తుపల్లాలు ఎలా ఉంటాయో తల్లులకు చెప్పనక్కర్లేదు. నెలసరి ఒకసారి మూడు వారాలకు, ఇంకోసారి ఆరు వారాలకు వస్తుంది. చాలా నెలల్లో అండం విడుదలే కాదు. ఈస్ట్రోజెన్ ఒక లెక్క లేకుండా లేస్తూ పడుతూ ఉంటుంది. పైగా అది మెదడులోని సెరటోనిన్, సీజీఆర్‌పీ వ్యవస్థల మీద పనిచేస్తుంది. మరి అమ్మాయిల్లో ఆరాతో కూడిన రకం కొందరికి రజస్వల కాకముందే మొదలవుతుందేం? ఎందుకంటే హార్మోన్లు అప్పటికే రెండు మూడేళ్లుగా లోపల పని మొదలుపెట్టి ఉంటాయి. బయటికి కనిపించే రోజు దాని మధ్యలో ఒక మజిలీ మాత్రమే. నార్వేలో వేలమంది స్త్రీలను చూసినప్పుడు, పన్నెండేళ్లకో అంతకంటే ముందో రజస్వల అయినవారిలో తర్వాతి జీవితంలో తలనొప్పులు కొంచెం ఎక్కువగా ఉన్నాయి. అమెరికాలో ఒక బృందం మైగ్రేన్ ఉన్న ఆడపిల్లల మూత్రాన్ని రోజూ సేకరించి హార్మోన్లనూ, తలనొప్పి రోజులనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే హార్మోన్ చిన్న పిల్లల్లో ఒక రకంగా, పెద్ద పిల్లల్లో ఇంకో రకంగా ప్రవర్తించింది. పెద్ద స్త్రీలకు సరిపోయే సూత్రాన్ని పన్నెండేళ్ల అమ్మాయికి అంటగట్టకూడదని దీని అర్థం. ఎలుకల మీద 2019లో జరిగిన ఒక పరిశోధన ఇంకో ముక్క జోడించింది. మెదడు పైపొర మీద కొద్దిగా సీజీఆర్‌పీ పూస్తే ఆడ ఎలుకలు నొప్పి చూపించాయి, మగవి చూపించలేదు. తేడా హార్మోన్ల మోతాదులోనే కాదు, నొప్పి నరాల నిర్మాణంలోనే ఉండొచ్చు.

అబ్బాయిల మీద పరిశోధన తక్కువే జరిగింది. టెస్టోస్టెరోన్ కొంత కాపాడుతుందేమో అన్న సూచనలు ఉన్నాయి, అంతవరకే.

హార్మోన్లు పనిచేసేది ఖాళీ గదిలో కాదు, మరమ్మతు జరుగుతున్న ఇంట్లో. కౌమారంలో మెదడు అక్కర్లేని కలయికలను కత్తిరించుకుంటుంది, ఉంచుకున్న తీగలకు కొవ్వు తొడుగు వేసుకుంటుంది. ఈ పని వెనకభాగం నుంచి నుదుటివైపు సాగి, ఇరవై ఐదేళ్ల దాకా నడుస్తుంది. మైగ్రేన్ ఉన్న మెదడుకు ఒక ప్రత్యేక గుణం ఉంది. ఒకే శబ్దాన్నో వెలుగునో మళ్లీ మళ్లీ చూపిస్తే మామూలు మెదడు అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. ఇది మానదు. పోటు లేని రోజుల్లో కూడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టే స్పందిస్తుంది. పెళ్లివారింట్లో బ్యాండు మోత అందరికీ కాసేపట్లో వెనక్కి పోతుంది, వీళ్లకు పోదు. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో పిల్లల మెదడు తరంగాలను కొలిచినవారు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో వయసుతో పాటు మారాల్సిన స్పందన మైగ్రేన్ పిల్లల్లో ఆలస్యంగా మారుతోందని గమనించారు. జబ్బు మెదడును అలా చేసిందా, అలాంటి మెదడు కాబట్టి జబ్బు వచ్చిందా అన్న ప్రశ్నకు జబ్బు రాకముందే పిల్లల్ని చూడటం మొదలుపెడితేనే జవాబు దొరుకుతుంది. తల్లిదండ్రులకు మైగ్రేన్ ఉండి, తమకింకా రాని పిల్లలను కూడా కొందరు పరీక్షించింది అందుకే.

ఆవులింతలూ తీపి కోరికా ఎక్కడ పుడతాయో కూడా తెలిసింది. 2016లో హాంబర్గ్‌లో ఒక రోగి మెదడును వరసగా 30 రోజులు రోజూ స్కాన్ చేశారు. నొప్పికి ముందరి ఇరవై నాలుగు గంటల్లో హైపోథాలమస్ చర్య మారిపోవడం కనిపించింది. నిద్ర, ఆకలి, దాహం, హార్మోన్ల గడియారం అన్నీ నడిపే చోటు అదే. యౌవనానికి తలుపు తీసేది కూడా అదే. ఒక్క రోగితో చేసిన ప్రయోగమైనా ఇది చెప్పే మాట చిన్నది కాదు. కౌమారంలో తలకిందులయ్యే పనులన్నీ మైగ్రేన్ మొదలయ్యే గదిలోనే జరుగుతున్నాయి.

ఆ పనుల్లో నిద్ర ముఖ్యమైనది. పదమూడు దాటాక శరీర గడియారం సహజంగానే ఆలస్యానికి జరుగుతుంది. రాత్రి పదకొండు దాటితే కానీ కన్ను మూతపడదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. బడి మాత్రం వాళ్ల గడియారం చూడదు. అమెరికాలో హైస్కూలు మైగ్రేన్ రోగులను పోల్చిన ఒక సర్వేలో, ఎనిమిదిన్నరకు ముందే బడి మొదలయ్యేవారికి నెలలో తలనొప్పి రోజులు రెండు మూడు ఎక్కువగా ఉన్నాయి. అక్కడి ఎనిమిదిన్నర మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల పిల్లలకు మధ్యాహ్నంతో సమానం. తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, రాత్రి పదిన్నర దాటేదాకా చదివించే పద్ధతిలో ఎనిమిది గంటల నిద్రకు చోటు ఎక్కడుంటుంది?

అయితే పోటును రేపేది వేరు, జబ్బును పుట్టించేది వేరు. చాలా తప్పుడు నమ్మకాలు ఈ రెంటినీ కలపడం వల్లే వచ్చాయి. టిఫిన్ మానేయడం, ఎండ, నిద్ర చెడటం, పరీక్ష ముగిసిన మర్నాటి సడలింపు పోటును రేపగలవు. కానీ అవి ఎవరికైనా ఎదురయ్యేవే, అందరికీ మైగ్రేన్ రావడం లేదు. మన దేశానికే ప్రత్యేకమైన ఒక కారణాన్ని ముంబైకి చెందిన కె. రవిశంకర్ 2006లో వైద్య పత్రికకు ఎక్కించారు. తలస్నానం చేస్తే పోటు వచ్చే 94 మంది భారతీయ రోగుల వివరాలవి. పొడవాటి జుట్టు, తడి ఆరకుండా జడ వేసుకోవడం మన ఆడపిల్లలకు మామూలే కాబట్టి పాశ్చాత్య పుస్తకాల్లో లేని ఈ కారణం ఇక్కడ తేలింది. చాక్లెట్ కథ దీనికి తలకిందులు. చాక్లెట్ తింటే నొప్పి వస్తుందని చాలామంది నమ్ముతారు. తీపి తినాలనిపించడమే పోటు మొదలైందనడానికి గుర్తు కావచ్చని ముందే చూశాం. అంటే నొప్పి రాబోతోంది కాబట్టే చాక్లెట్ తిని ఉండొచ్చు.

కౌమార మైగ్రేన్ పెద్దల మైగ్రేన్‌కు చిన్న నకలు కాదని అందరికంటే గట్టిగా చెప్పింది ఒక విఫలమైన ప్రయోగం. పెద్దల్లో పోట్లు రాకుండా వాడే ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్ అనే రెండు పాత మందులను, 8 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద ఉత్తి మాత్రలతో పోల్చి చూడాలని అమెరికాలో పెద్ద పరిశోధన తలపెట్టారు. 361 మందిని చేర్చుకున్నాక మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. తలనొప్పి రోజులు సగానికి తగ్గినవారు ఎమిట్రిప్టిలిన్ తీసుకున్నవారిలో 52 శాతం, టోపిరమేట్ తీసుకున్నవారిలో 55 శాతం, మందే లేని మాత్ర మింగినవారిలో 61 శాతం. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ఫలితం వచ్చాక పిల్లల నరాల డాక్టర్లు తమ చీటీలు ఒకసారి తిరగేసుకున్నారు. మందులు పనిచేయలేదని దీన్ని చదవడం సగం చదవడమే. డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లడం, డైరీ రాయడం, వేళకు తినడం, తగ్గుతుందన్న నమ్మకం ఇవన్నీ ఇంకా రూపుదిద్దుకుంటున్న మెదడు మీద అంత బలంగా పనిచేసి ఉండొచ్చు. అంతకుముందు 2013లో సిన్సినాటి పిల్లల ఆస్పత్రి బృందం నెలలో సగం రోజులకు పైగా తలనొప్పి ఉండే 135 మందిని తీసుకుంది. ఒకే మందుకు తోడుగా కొందరికి ఆలోచనా ధోరణినీ ఒత్తిడినీ అదుపు చేసుకునే శిక్షణ ఇచ్చింది, మిగతావారికి తలనొప్పి గురించి పాఠాలు చెప్పింది. శిక్షణ పొందినవారిలో మూడింట రెండొంతుల మందికి నొప్పి రోజులు సగానికి తగ్గాయి, పాఠాలు విన్నవారిలో మూడో వంతుకు కాస్త పైచిలుకుకే. నొప్పి మనసులో ఉందని కాదు, నొప్పిని అదుపు చేసే తీగలు ఈ వయసులో ఇంకా వంగుతాయని.

సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు పెద్దలకు 2018లో వచ్చాయి. పిల్లలకు ఏడేళ్లు ఆగాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటిలో ఒకటైన ఫ్రెమనెజుమాబ్‌ను 6 నుంచి 17 ఏళ్ల వయసుండి, కనీసం 45 కిలోల బరువున్న పిల్లలకు అనుమతించింది. పోటు వచ్చిన రోజున మాత్రం ఇప్పటికీ ముందుగా వాడేది ఐబుప్రోఫెన్, అదీ బరువును బట్టి, నొప్పి మొదలైన వెంటనే. ఆలస్యం చేస్తే కడుపు కదలికలు మందగించి మాత్ర ఒంటికి పట్టదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నెలలో పదిహేను రోజులకు మించి మామూలు నొప్పి మాత్రలు మూడు నెలలు వాడితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నొప్పి మొదలైతే మందుల షాపు కంటే ముందు ఒక నోటుపుస్తకం తీయండి. తేదీ, నొప్పి మొదలైన వేళ, ఎంతసేపు ఉంది, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ పూట తినలేదు, అమ్మాయి అయితే నెలసరి తేదీ. రెండు నెలలు రాసిన ఆ పుస్తకం డాక్టరుకు స్కాన్ కంటే ఎక్కువ చెబుతుంది. పుస్తకం రాస్తూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎన్నడూ లేనంత నొప్పి క్షణాల్లో ముంచుకొచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, రోజూ తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి వాంతులవుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, కాలో చెయ్యో పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.